కోనోకార్పస్ తీసేశాం సరే, ఆ చోట ఏం నాటుదాం?

2022 ఏప్రిల్‌లో మా కాలనీ సంపు కడిగించడానికి మూత తీసినప్పుడు, లోపలి గోడ మూలనున్న సన్నని పగులులోంచి దిగిన వేళ్ల గుత్తి ఒకటి నీళ్ల మీద తడి జడలాగా తేలుతూ కనిపించింది. కడగడానికి దిగిన కుర్రవాడు దాన్ని ముంజేతికి చుట్టుకుని లాగితే రెండు బారల పొడవు వచ్చి తెగింది తప్ప మొదలు రాలేదు. మొదలు గోడకు అవతల, పది పన్నెండు అడుగుల దూరంలో, మేము నాలుగేళ్ల కిందట ఇంటికింత అని చందా వేసుకుని నాటించిన కోనోకార్పస్ వరుసలో ఉంది. గాలికీ దుమ్ముకూ అడ్డంగా ఉంటుందని పెంచిన కంచె అది. కంచె చేను మేయడమనే సామెతను చిన్నప్పటి నుంచీ వింటున్నాను గాని, కంచె సంపు తాగడం చూడటం అదే మొదలు.

అసలు ఆ కంచె ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. మేముండేది నార్సింగి దాటాక, నగరానికి పడమటి అంచున. మా పడమటి గోడకు ఆవల పాత క్వారీ, దాని వెనుక ప్లాట్లుగా చదును చేసి వదిలేసిన నేల ఉన్నాయి. మృగశిర కార్తెతో మొదలై ఆషాఢమంతా వీచే పడమటి గాలి ఆ నేల మీది సన్నని మన్నునంతా ఎత్తి మా ఇళ్లలో పోస్తుంది. దండెం మీద ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవలసిందే. అప్పట్లో నర్సరీ అతను కోనోకార్పస్ గురించి మూడు మాటలు చెప్పాడు: నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, మేక ముట్టదు, రెండేళ్లలో పచ్చని గోడ అవుతుంది. మా గోడ దగ్గర ఈ మూడు మాటల్లో ఏదీ అబద్ధం కాలేదు. నా ఇబ్బంది అంతా అక్కడే ఉంది. మొండిగా బతకడం ఒక్కటే గుణంగా చూసుకుని మొక్కను ఎంచుకున్నాం. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరమూ అడగలేదు.

కోనోకార్పస్‌లో రెండే జాతులున్నాయి. ఒకటి అమెరికా ఖండపు ఉష్ణ తీరాల్లోనూ పశ్చిమ ఆఫ్రికా తీరంలోనూ మడ అడవుల లోపలి అంచున పెరిగేది. రెండోది సోమాలియా, జిబూటి, యెమెన్ ప్రాంతాలది. కుటుంబం చూస్తే మన మద్దికీ కరక్కాయకూ దూరపు చుట్టమే. ఉప్పునీటినీ ఎడారి వేడినీ తట్టుకునేలా తయారైన ఈ మొక్క తడి ఎక్కడుంటే అక్కడికి వేరును పంపుతుంది. పుట్టినచోట అది బతుకుతెరువు. కాలనీలో సంపు, డ్రైనేజీ, మంచినీటి పైపు తప్ప వేసవిలో దానికి వేరే తడి ఏముంది? గల్ఫ్ దేశాల్లోనూ కరాచీలోనూ రోడ్ల పక్కన దీన్ని విరివిగా నాటినవారు పైపుల విషయంలో ఇదే అనుభవం పొందారు. మన దగ్గర హరితహారం నర్సరీల్లో దీన్ని పెంచవద్దని తెలంగాణ ప్రభుత్వం 2022లోనే చెప్పింది. మరుసటి ఏడు గుజరాత్ అటవీ శాఖ నాటడాన్నే నిషేధించింది.

ఇక్కడ ఒక విషయంలో నేను కోనోకార్పస్ పక్షాన నిలబడక తప్పదు. తెలంగాణ ప్రభుత్వం వద్దన్న వార్త వచ్చాక మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అది ప్రాణవాయువును పీల్చుకుని విషవాయువు వదిలే చెట్టని, దాని నీడలో పడుకుంటే ఊపిరి ఆగుతుందని, పిట్ట వాలితే చచ్చిపోతుందని సందేశాలు తిరిగాయి. ఆకు పచ్చగా ఉన్న ఏ మొక్కా పగటి పూట ప్రాణవాయువును ఇవ్వకుండా ఉండదు. ఇది ఏడో తరగతి పాఠం. పుప్పొడి వల్ల జలుబు, ఉబ్బసం పెరుగుతాయన్న మాట మాత్రం గుజరాత్ ఉత్తర్వులో కూడా ఉంది, కాని అది ఎంత మేరకు నిజమనే దాని మీద వృక్షశాస్త్రం చదివినవారిలోనే ఏకాభిప్రాయం లేదు. మా వాళ్లు చెట్లు కొట్టించింది వేళ్ల వల్ల కాదు, విషవాయువు భయంతో. తప్పుడు కారణంతో ఒక మొక్కను తీసేస్తే, దాని స్థానంలో మరో తప్పుడు మొక్కను తెచ్చుకోవడానికి అడ్డేమీ ఉండదు. అనుకున్నట్టే వారం తిరగకుండా నర్సరీ అతను మరో రెండు పేర్లతో వచ్చాడు. ఈసారి కూడా అవే మూడు మాటలు చెప్పాడు.

ఈ కథ మనకు కొత్తదీ కాదు. మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి ఒక ముళ్ల చెట్టును 1870ల చివర్లో కడప ప్రాంతానికి తెచ్చారు. కరువు నేలలో వంటచెరుకుకు పనికొస్తుందని, నీళ్లు అడగదని, ఎక్కడైనా పెరుగుతుందని తెచ్చారు. ఎక్కడైనా పెరగమంటే అది నిజంగానే ఎక్కడైనా పెరిగింది. దానికి తెలంగాణ పల్లెలు పెట్టిన పేరు సర్కారు తుమ్మ. ఎవరు తెచ్చారో, ఎవరి నెత్తిన పడిందో ఒక్క మాటలో చెప్పే పేరు అది. శాస్త్రవేత్తలు పెట్టే లాటిన్ పేర్లలో ఇంత చరిత్ర ఇమిడిన పేరు నాకు తెలిసి తక్కువ.

నేను చెప్పదలచుకున్న మొక్క పేరు బందారు. కొన్ని ప్రాంతాల్లో బందేడు అంటారు, గొల్లపుల్లెడ అని కూడా వినిపిస్తుంది. దాన్ని నాకు చూపించినవాడు పాలమూరు వైపు నుంచి వచ్చి మా కాలనీలో తోటపని చేస్తున్న మాలి. కోనోకార్పస్ మోళ్లు పెకిలిస్తున్న రోజుల్లో, వెనుక గోడకు ఆనుకుని ఉన్న బండల గుట్ట మీద పచ్చగా నిలబడిన పొదలను చూపించి, “గా బందారు పెట్టుకోరాదు సార్, ఎండకు ఎండదు, మేకలు సుత ముట్టవు” అన్నాడు. అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటామే, ఆ ఎండలో, మట్టి కూడా సరిగా లేని బండ నెరెల్లో, ఎవరూ చుక్క నీరు పోయని చోట ఆ పొదలు ఆకు వాడకుండా ఉన్నాయి. ఆరేళ్లుగా నేను రోజూ ఉదయం నడకకు వెళ్లే దారి అది. ఒక్కనాడూ వాటికి పేరుంటుందని తోచలేదు.

దగ్గరికి వెళ్లి చూస్తే ఆకు పొడవుగా, సన్నగా, వార్నిష్ పూసినట్టు మెరుస్తుంది. బొటనవేలితో రుద్దితే జిగురుగా అంటుకుంటుంది, కొంచెం చేదు వాసన వేస్తుంది. ఆ జిగురు పూతే ఆకులోని తడి తొందరగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. పువ్వుకు రేకులుండవు, పూసిందని గమనించడం కూడా కష్టం. కాయ మాత్రం చూడవలసిందే: కాగితంలాంటి మూడు రెక్కలు, మొదట లేతాకుపచ్చ, తరువాత గులాబీ, చివరికి ఎండి గోధుమరంగు. గుప్పెట్లోకి తీసుకుని చెవి దగ్గర ఆడిస్తే పట్టుచీర మడతలు కదిలిన చప్పుడు వస్తుంది. ఇది కుంకుడు కుటుంబం మొక్క. 16వ శతాబ్దపు ఫ్లెమిష్ వైద్యుడు రెంబర్ట్ డోడోయెన్స్ పేరు మీద దీన్ని డోడోనియా అన్నారు. జిగురు మొక్క కాబట్టి విస్కోసా. ఆస్ట్రేలియా, ఆఫ్రికా, అమెరికా, పసిఫిక్ దీవులు అన్నిటా ఇది సహజంగానే ఉంది కనుక ఇది మన ఒక్కరి సొత్తని గొప్పలు పోవడానికి లేదు. అయితే దక్కను బండల మీద ఎవరూ తెచ్చి నాటకుండానే ఉంది, నాకు అది చాలు. హవాయి దీవుల్లో కాఊ ప్రాంతంవారికి దీని మీద ఒక నానుడి ఉంది: గాలికి నిలిచే ఆఆలీఈ పొదను నేను, నన్ను పడగొట్టే గాలి లేదు అని చెప్పుకుంటారట. న్యూజిలాండ్‌లో మావోరీలు దీన్ని అకేఅకే అంటారు, అంటే ఎప్పటికీ అని.

గాలికి అడ్డంగా పెంచే మొక్కకు కావలసిన మొదటి గుణం దట్టంగా ఉండటం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. గాలి కదలని గోడను తాకినప్పుడు ఆగిపోదు. ఎగిరి గోడ దాటి, అవతల పక్కన సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. మా కాంపౌండు గోడకు లోపలి వైపునే ఎండుటాకులూ పాలిథిన్ సంచులూ కుప్పపడటానికి కారణం అదే. కత్తిరించి కత్తిరించి పెట్టెలా తయారుచేసిన కోనోకార్పస్ వరుస కూడా దాదాపు గోడలాగే పనిచేసింది. మంచి గాలికట్టలో సుమారు 40 నుంచి 50 శాతం ఖాళీ ఉండాలి. గాలి కొంత లోపలి నుంచి జల్లెడలోంచి జారినట్టు జారి వేగం తగ్గాలి. అలాంటి వరుస తన ఎత్తుకు పదిరెట్ల దూరం వరకూ గాలి బలాన్ని చెప్పుకోదగినంత తగ్గిస్తుంది. అంటే ఎనిమిది అడుగుల పొద ఎనభై అడుగుల నేలను కాస్తుంది. మా పడమటి వైపు ఇళ్లకు అది సరిపోతుంది. బందారు నేల నుంచే కొమ్మలు వేసే పొద, ఆకులు సన్నవి, కొమ్మ వంగుతుంది గాని తొందరగా విరగదు. రెండు వరుసలుగా, ఒక వరుస మొక్కల సందులో రెండో వరుస మొక్క వచ్చేటట్టు, నాలుగైదు అడుగుల ఎడంగా నాటితే కావలసిన జల్లెడ దానంతట అదే తయారవుతుంది. ఆకు జిగురుకు దుమ్ము అంటుకుంటుంది, తొలి వానకు కడుక్కుపోతుంది. అలంకారం కోసం నాటే మొక్కలో ఇది లోపం. మా గోడ దగ్గర ఇదే సుగుణం.

దీని లోపాలు కూడా చెప్పకపోతే నేను నర్సరీ అతనికన్నా మెరుగేమీ కాదు. బందారు కోనోకార్పస్ అంత తొందరగా పెరగదు; మొదటి ఏడాది మోకాలెత్తు దాటితే సంతోషించాలి. వేరు దగ్గర నీరు నిలిస్తే చచ్చిపోతుంది కనుక నల్లరేగడి పల్లంలో పనికిరాదు, మొరం నేలా వాలూ కావాలి. మొద్దుకొమ్మ దాకా నరకకుండా పైపైన కత్తిరించుకోవాలి. ఆకులోనూ కొమ్మలోనూ ఉన్న జిగురు వల్ల పచ్చిగా ఉన్నా మండుతుంది; పల్లెల్లో వంటచెరుకుగా అది వరమేమో గాని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మాత్రం నాటకూడదు. పుప్పొడి వాదనను నమ్మి కోనోకార్పస్‌ను తిట్టినవారు మరొకటి కూడా తెలుసుకోవాలి: బందారు పరాగసంపర్కం కూడా గాలితోనే జరుగుతుంది. ఉబ్బసం ఉన్నవారి కిటికీ కింద ఇది వద్దు. నీడనివ్వదు, బతుకమ్మలోకి పువ్వునివ్వదు. పైపుల మీద పడే వేళ్లున్న మొక్కగా దీనికి పేరు లేదు గాని, ఒకసారి సంపు చూసినవాణ్ని కనుక దీన్నైనా సంపు పక్కన నేను నాటను. వరుసంతా ఇదొక్కటే నాటమని కూడా అనను; ఒకే మొక్కను మైళ్ల కొద్దీ నాటడమే కోనోకార్పస్ కథలో సగం తప్పు. మధ్య మధ్య తంగేడు, వావిలి, గోరింట ఉండాలి. రాష్ట్ర పుష్పమని తంగేడును గౌరవించుకున్నాం, సద్దుల బతుకమ్మ నాడు దానికోసం ఊరి బయట వెతుక్కుంటున్నాం, కాని మన గోడ వెంట రెండు మొదళ్లు పెట్టుకోవాలని మాత్రం తోచదు.

మరి ఇంత మొక్క నర్సరీలో ఎందుకు దొరకదు? గట్టి నలుపు గింజ దీనిది, పైపొర నీటిని లోపలికి రానివ్వదు; వేడినీళ్లలో వేసి చల్లారనిచ్చి విత్తితే తప్ప సరిగా మొలవదు. సంచిలో అమ్మకానికి తయారు కావడానికి కోనోకార్పస్ కొమ్మకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అడిగేవారు లేరని వాళ్లు పెంచరు, పెంచరు కనుక దొరకదు, దొరకదు కనుక ఎవరమూ అడగము. దీనికి తోడు మన చూపు. హైదరాబాదు చుట్టూ 250 కోట్ల ఏళ్ల నాటి బండల మీద బందారు, తంగేడు, బలుసు, రేగు, సీతాఫలం కలిసి పెరిగే నేలకు మనం పెట్టిన పేరు ‘పిచ్చి మొక్కలు’. తెలంగాణలో పశువుల మేతకు వదిలిన బీడును కంచ అంటారు. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపే వరకూ, ఆపిన తరువాత కూడా, టీవీ చర్చల్లో ఎక్కువగా వినిపించిన ప్రశ్న అది అడవా, ఉత్త పొదలా అన్నది. ‘ఉత్త’ అనే ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన, అదీ చాలా వరకు నాలుగు నెలల్లోనే పడే బండనేల మీద పొదే అడవి. 2022లో ఈ నగరానికి అంతర్జాతీయ హరిత నగర పురస్కారం వచ్చినప్పుడు నేనూ సంతోషించాను. ఔటర్ రింగ్ రోడ్డు పచ్చదనం చూస్తే ఎవరికైనా సంతోషమే. అయితే ఆ పచ్చదనానికి ట్యాంకర్ నీళ్లు మోస్తున్నాం, పక్కనే నీళ్లడగని పచ్చదనాన్ని చదును చేసి ప్లాట్లు వేస్తున్నాం. ఈ రెండు ఖర్చులనూ ఒకే కాగితం మీద రాసి చూసుకున్నవారు ఎవరైనా ఉన్నారా అని నా అనుమానం.

మా వెనుక గుట్ట కూడా ఇప్పుడు లేదు. 2023 మార్చిలో పేలుళ్లు మొదలయ్యాయి. అంతకు ముందే, మాఘమాసపు చలి తగ్గుతున్న రోజుల్లో, మాలీ నేనూ వెళ్లి ఒక గోనెసంచి నిండా ఎండిన కాయలు దులిపి తెచ్చాం. రెక్కలు నలిపి, చేటలో చెరిగి, మరిగి దింపిన నీళ్లలో గింజలు వేసి రాత్రంతా ఉంచి విత్తాం. మూడో వారంలో మొలకలు కనిపించాయి, మూడింట ఒక వంతు కూడా రాలేదు. కమిటీవారు వెనుక గోడ వెంట ముప్పై అడుగుల మేర ‘ట్రయల్’కు ఒప్పుకున్నారు, ఆ మాటలో నా మీద జాలి ఎంతో, నా పోరు తట్టుకోలేకపోవడం ఎంతో నాకు తెలియదు. ఆ జూన్‌లో రెండు వానలు పడ్డాక నాటాం. మొదటి వేసవిలో వారానికి ఒకసారి నీళ్లు పోశాం, రెండో వేసవి నుంచి పోయలేదు. 14 మొక్కల్లో 11 నిలిచాయి. చచ్చిన మూడూ గోడ తూము దగ్గర నీరు నిలిచే చోటివే. తప్పు మొక్కది కాదు, అక్కడ నాటిన నాది.

ఇప్పుడు అవి నా తల దాటాయి. ఈ సంవత్సరం ఆడమొక్కలు కాయలు పట్టి, గోడ పొడవునా గులాబీ రంగు తిరిగింది. పక్క బ్లాకులో ఉండే ఒకావిడ ఆగి, “ఎక్కడి నుంచి తెప్పించారండీ, ఫారిన్ వెరైటీయా?” అని అడిగారు. ఆమె కారు నిలిపే చోటే ఒకప్పుడు గుట్ట పాదం ఉండేది. ఆ సంగతి చెప్పాను. నమ్మినట్టు లేరు.

ఉగాది తరువాత సర్వసభ్య సమావేశంలో పడమటి గోడ వరుస సంగతి తేల్చాలి. నాలుగేళ్లుగా అది ఖాళీగానే ఉంది, దుమ్ము కూడా యథాప్రకారం వస్తూనే ఉంది. నర్సరీ కొటేషన్లు రెండు వచ్చాయి. మూడో కాగితం నాది. అందులో మొక్కల ధర ఉండాల్సిన చోట గుంతల కూలి మాత్రమే ఉంది, ‘ఇంత తక్కువైతే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు’ అని కోశాధికారి ముందే హెచ్చరించారు. తీర్మానం వచ్చాక కాయలు కోద్దామని మాలితో అన్నాను. ఆయన అప్పటికే పొదల కింద పాత దుప్పటి పరుస్తున్నాడు. “మీటింగు అయ్యేదాంక గింజ ఆగదు సార్, గాలికి రాలిపోతది” అని, కొమ్మ పట్టుకుని దులపడం మొదలుపెట్టాడు. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.